క్షణికావేశం కాదు

నాచుపల్లి ప్రాంగణంలో ఈరోజు పట్టాలందుకుంటున్న బిడ్డలారా, వాళ్లను ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలారా, అధ్యాపకులారా!

2007లో మీ కళాశాల మొదలైంది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో వరంగల్‌లో, మీలాగే ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒక తల్లి ఆ నెలాఖరుకే బిడ్డను పోగొట్టుకుంది. నిందితులు ముగ్గురూ రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. న్యాయం జరిగిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఆ దాడికి ముందు సాగిన వేధింపుల గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు.

ఇలాంటి వార్తల్లో 'క్షణికావేశంలో' అని రాస్తారు. ఆ మాటను నేను నమ్మను. బ్రిటన్‌లో ఒకప్పుడు పోలీసుగా పనిచేసిన నేరశాస్త్రవేత్త జేన్ మాంక్టన్ స్మిత్, భాగస్వాముల చేతుల్లో జరిగిన 372 హత్యలను పరిశీలించి 2019లో ఎనిమిది దశలు చూపించారు. హత్య చివరిది. దానికి చాలా ముందే పెత్తనం మొదలవుతుంది.

అది దెబ్బతోనే మొదలుకాదు. ఫోన్ పాస్‌వర్డ్ చెప్పమంటాడు. ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకుంటాడు. తల్లిగారింటికి పోవద్దంటాడు. గల్ఫ్‌లో ఉన్నా వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపించమనగలడు. ఇదంతా ప్రేమేనంటాడు. అబ్బాయిలూ, మీ స్నేహితుడు ఇలా చెప్పుకుని మురిసిపోతుంటే నవ్వి ఊరుకోకండి.

రేపు మీలో కొందరు లొకేషన్ పంచుకునే యాప్‌లు రాస్తారు. ఆ బటన్‌ను ఆమె తనంతట తాను నొక్కిందా, పక్కన ఎవరైనా నిలబడి నొక్కించారా అన్నది రాసేటప్పుడే ఆలోచించండి.

గొంతు పట్టుకున్నాడంటే మాత్రం ఒక్క రోజూ ఆగొద్దు. చాలాసార్లు గాయం కనబడదు కనుక తేలిగ్గా తీసేస్తాం. కానీ భాగస్వామి ఒకసారి గొంతు నులిమితే, ఆ స్త్రీ తర్వాత హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లు పెరుగుతుందని అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. విడిపోతానన్న తర్వాతి రోజులు మరీ గండం. సరిగ్గా అప్పుడే మన పెద్దమనుషులు పంచాయితీ పెట్టి, 'సర్దుకుపో బిడ్డా' అని వెనక్కి తోలిస్తారు. అమ్మానాన్నలారా, ఈ ఒక్కటీ చేయకండి. మాటలతో, డబ్బుతో పెట్టేదీ హింసేనని 2005 గృహహింస చట్టం గుర్తించింది. 181కు ఫోన్ చేయండి, సఖి కేంద్రానికి తీసుకెళ్లండి.

మనసు బాగాలేని వాళ్లను ఈ కొండగట్టు మీద అంజన్న సన్నిధిలో నలభై రోజులు ఉంచుతారు. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. అయితే మాట మానేసి, అడుగుల చప్పుడుకే ఉలిక్కిపడే కోడలికి గాలి సోకిందంటే, ముందు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి: "ఇంట్లో ఎవరికి భయపడుతున్నవమ్మా?"

సభ అయిపోయాక నేను ఇక్కడే కూర్చుంటాను. మాట్లాడాలనుకున్నవాళ్లు రండి. నాకు తొందరేమీ లేదు.