నేలకు తిరిగి ఇచ్చేవాళ్లు
(సైన్సు రచయితల సదస్సులో అధ్యక్షోపన్యాసం)

  ఇలాంటి సభల్లో అధ్యక్షులు శాస్త్రప్రగతి మొత్తాన్ని సమీక్షించడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక్క విషయానికే పరిమితమవుతాను. మన రచనల్లో ఎప్పుడూ చివరి పేరాలో తలదాచుకునే విచ్ఛిన్నకారుల గురించి మాట్లాడతాను. బాక్టీరియా, బూజులు, వానపాములు, చెదలు, పేడపురుగులు వంటివి చచ్చినదాన్నీ విసర్జించినదాన్నీ తిని, అందులోని పోషకాలను మళ్లీ నేలకు అప్పగిస్తాయి.

ఆహారపు గొలుసు అనగానే మనకు గుర్తొచ్చే బొమ్మ ఒకటే. గడ్డిని మిడత తింటుంది, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద. ఆ బొమ్మలో తప్పు లేదు. కాకపోతే అది అసలు కథలో చిన్న ముక్క. నేల మీద మొక్కలు ఏటా తయారుచేసే పదార్థంలో పచ్చిగా ఉండగా పశువులూ పురుగులూ తినేది సుమారు పదో వంతు. మిగిలిన 90 శాతం ఎండుటాకులుగా, పుల్లలుగా, చచ్చిన వేళ్లుగా నేల చేరుతుంది. అదంతా విచ్ఛిన్నకారుల ఆహారం. ప్రకృతిలో పదార్థం నడిచే రాజమార్గం ఇదే. మనం బొమ్మ గీసి చూపిస్తున్నది పక్క సందును. పైగా సూర్యుడి నుంచి శక్తి రోజూ కొత్తగా అందుతుంది కానీ భాస్వరం, పొటాష్ అలా అందవు. ఉన్నవే మళ్లీ మళ్లీ తిరగాలి. వాటిని తిప్పే పని ఆగితే, ఎంత గొప్ప అడవైనా తాను రాల్చిన ఆకుల నడుమే ఆకలితో నిలబడుతుంది.

ఈ పని కళ్లారా చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పద్ధతిగా వేసిన పెంటకుప్పను పారతో ఒక పక్క తవ్వితే చాలు. లోపలి నుంచి ఆవిరి లేస్తుంది, చెయ్యి పెడితే కాలుతుంది. చక్కెరలను, పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను బాక్టీరియా ఆబగా తింటున్నప్పుడు పుట్టే వేడి అది. కుప్ప నడుమ 60 డిగ్రీల సెల్సియస్ దాకా చేరుతుంది. కలుపు గింజలు, రోగక్రిములు చాలావరకు ఆ వేడికే చస్తాయి. వేడి తగ్గుముఖం పట్టాక గడ్డిపోచల మీద తెల్లటి, బూడిదరంగు పొడి లాంటి పొర కనిపిస్తుంది. అవి ఆక్టినోమైసీట్లు, అంటే దారాల్లా అల్లుకునే బాక్టీరియా. తొలకరికి తడిసిన నేల కమ్మగా వాసన వేయడానికి ముఖ్య కారణం ఇవి తయారుచేసే జియోస్మిన్. ఆఖరున మిగిలేది లిగ్నిన్, కట్టెకు గట్టిదనం ఇచ్చే పదార్థం. దాన్ని పూర్తిగా విడగొట్టే సత్తా ప్రధానంగా తెల్లకుళ్లు శిలీంధ్రాలకే ఉంది. ఒకటి వదిలిన చోట మరొకటి అందుకుంటుంది.

ఈలోగా మాంసకృత్తుల్లోని నత్రజని అమ్మోనియాగా బయటపడుతుంది. రెండు రకాల బాక్టీరియా రెండంచెల్లో దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. వేళ్లు తేలిగ్గా పీల్చుకోగలిగే రూపాలు ఇవే. ఈ బాక్టీరియాను 1890 ప్రాంతంలో జ్యూరిక్‌లో విడిగా పెంచి, వాటి పనిని రుజువు చేసినవారు శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. నేలలో ఈ మార్పు తెచ్చే జీవులు ఏవో తేలింది అప్పుడే.

ఈ జీవులు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా అనుభవించింది. 1788లో బ్రిటిష్ వలసదారులు తమతో పశువులను తీసుకెళ్లారు. వాటి పేడను నేలలో కలిపే పురుగులు మాత్రం వెంట వెళ్లలేదు. అక్కడి పేడపురుగులు కంగారూల వంటి జంతువుల పొడి పెంటికలకు అలవాటు పడ్డవి. పశువుల తడిపేడను అవి చాలావరకు పట్టించుకోలేదు. పడిన పేడ పడిన చోటే ఎండి నెలల తరబడి, ఒక్కోచోట ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయేది. దాని కింద గడ్డి చచ్చేది. చుట్టూ మొలిచిన గడ్డిని పశువులు ముట్టేవి కావు. పేడ నిండా ఈగలు పుట్టేవి. హంగరీ నుంచి వలస వచ్చిన కీటకశాస్త్రవేత్త జార్జ్ బోర్నెమిస్సా దీనికి కారణం పసిగట్టారు. ఆయన చొరవతో అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థ సీఎస్ఐఆర్ఓ 1965 నుంచి 1985 వరకు విదేశాల నుంచి పేడపురుగులను తెప్పించి 43 జాతులను వదిలింది. వాటిలో 23 నిలదొక్కుకున్నాయి. మన పల్లె దారుల్లో ఎవరూ తలతిప్పి చూడని పురుగు కోసం ఒక దేశం ఇరవై ఏళ్లు పాటుపడింది.

మనకు ఈ జీవులన్నీ ఉన్నాయి. ఉండీ, వాటి నోటికాడి కూడు తగలబెడుతున్నాం. కోతయంత్రం వెళ్లిపోయాక పొలంలో కొయ్యకాళ్లు, చెదిరిన గడ్డి మిగులుతాయి. తర్వాతి పంటకు గడువు తక్కువ, కూలి ఖర్చు ఎక్కువ, చాలా ఇళ్లలో పశువులు లేవు. అందుకే రైతు అగ్గిపుల్ల గీస్తున్నాడు. అతన్ని నిందించి లాభం లేదు, నష్టం లెక్క చెప్పాలి. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది, నేలకు దక్కాల్సిన కార్బన్ పొగైపోతుంది, పైపొర మట్టిలోని సూక్ష్మజీవులు మాడిపోతాయి.

అలాగని 'కాల్చవద్దు, కలియదున్నండి' అని రాసి చేతులు దులుపుకుంటే చాలదు. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 60 నుంచి 80 పాళ్ల కార్బన్ ఉంటుంది. సూక్ష్మజీవులకు ఇది సుమారు 25 పాళ్లు ఉంటే సరిపోతుంది. లోటు పడిన నత్రజనిని అవి నేల నుంచి లాక్కుంటాయి. అందుకే గడ్డి కలియదున్నిన వెంటనే నాట్లు వేస్తే పైరు కొన్నాళ్లు పాలిపోతుంది. నీళ్లు నిలబెట్టి గాలి ఆడని బురదలో తొక్కితే మీథేన్ పుడుతుంది. నేలలో తడి ఉండి నీరు నిలవకుండా చూసి, కొంత నత్రజని అందించి, కొన్ని వారాలు గడువిస్తే గడ్డి చక్కగా చివుకుతుంది. జనుము, జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్టను గడ్డితో కలిపి దున్నితే ఆ లోటు చాలావరకు తీరుతుంది. మన రైతులు తరతరాలుగా పెంట తోలించింది, పొలంలో గొర్రెల మంద కట్టించింది ఈ జీవులకు తిండి పెట్టడానికే. ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాద్ వ్యవసాయ వ్యర్థాలను ఎరువుగా మార్చే పద్ధతిని తీర్చిదిద్ది 1931లో పుస్తకంగా ప్రచురించారు. అందులో ఉన్నదీ ఇదే సూత్రం.

మరో మాట. మట్టిలో తిండి కోసం, చోటు కోసం పోటీపడే ఈ జీవులు ఎదుటివాటిని అణిచే రసాయనాలు తయారుచేస్తాయి. 1943లో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ వేరుచేసిన స్ట్రెప్టోమైసిన్ మందు అలాంటిదే. మిస్సోరీ పొలం మట్టిలోని మరో జీవి నుంచి బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. ఆ పని జరిగిన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథ్యం వహించినవారు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన గురించి మనం ఎంతో రాసుకున్నాం. ఆ మందుకు మూలమైన మట్టిజీవికీ మన వ్యాసాల్లో చోటు దక్కాలి.

అందుకే ఈ సభకు నా విన్నపాలు మూడు. పాఠ్యపుస్తకాలు రాసేవారు ఆహారపు గొలుసు బొమ్మలో ప్రతి జీవి నుంచీ నేలకు ఒక బాణం, నేల నుంచి గడ్డికి ఒక బాణం గీయండి. సంపాదకులు కొయ్యకాళ్ల మీద వ్యాసాలను పొగ కమ్మాక కాక, కోతలకు ముందే అచ్చువేయండి. రచయితలు పొలంలో రైతు పక్కన కూర్చుని, అతని ఖర్చునూ గడువునూ లెక్కలోకి తీసుకుని రాయండి. చచ్చినదాన్ని మళ్లీ పంటగా మార్చే జీవుల సంగతి చెప్పని వ్యవసాయ పాఠం సగం పాఠమే. మిగతా సగం రాసే బాధ్యత ఈ సభలో ఉన్న మనందరిదీ.