చదవగానే అర్థమయ్యే యూఐ కోడ్: చుక్క, కోలన్, ఈక్వల్స్

స్క్రీన్ మీద ఏం కావాలో చెప్తే చాలు, ఎలా గీయాలో చెప్పక్కర్లేదు. డిక్లరేటివ్ యూఐ అంటే ఇదే. మరి ఆ చెప్పే పద్ధతి ఎలా ఉండాలి?

2019లో యాపిల్ స్విఫ్ట్‌యూఐ తెచ్చింది. అందులో టెక్స్ట్ రాసి, కింద చుక్క పెట్టి ప్యాడింగ్, మళ్లీ చుక్క పెట్టి బ్యాక్‌గ్రౌండ్ పసుపు అంటాం. హాయిగా చదువుకోవచ్చు. ఇప్పుడు ఆ రెండు లైన్లూ అటూ ఇటూ మార్చండి. ఎర్రర్ రాదు. కానీ ఇందాక చుట్టూ ఖాళీతో సహా పసుపు ఉంది కదా, ఇప్పుడు అక్షరాల వెనకాల మాత్రమే ఉంటుంది. ఎందుకంటే ప్యాడింగ్ పాత వ్యూని మార్చదు, దాన్ని లోపల పెట్టుకుని కొత్త వ్యూ ఇస్తుంది. ఉల్లిపాయ పొరలన్నమాట. అదే ఫాంట్ లైను పైకి జరిపినా కిందికి జరిపినా మామూలుగా తేడా రాదు. రెండింటికీ అదే చుక్క! నాకు నచ్చనిది ఇదే.

క్యూటీ వాళ్ల క్యూఎమ్ఎల్ చూడండి. రెక్టాంగిల్ లోపల విడ్త్, కలర్ ఏ వరసలో రాసినా ఒకటే. విడ్త్ తర్వాత కోలన్ పెట్టి 'పేరెంట్ విడ్త్‌లో సగం' అని రాస్తే అది బైండింగ్. విండో సాగితే ఇదీ సాగుతుంది. అదే జావాస్క్రిప్ట్‌లో ఈక్వల్స్ పెట్టి 200 అన్నారో, ఆ బైండింగ్ తెగిపోతుంది. ఇక్కడా ఎర్రర్ రాదు. కాకపోతే గుర్తు వేరు కాబట్టి, వెతికితే దొరుకుతుంది.

స్విఫ్ట్‌యూఐలో ప్యాడింగ్, బ్యాక్‌గ్రౌండ్, మళ్లీ ప్యాడింగ్ వరసగా పెట్టి చూడండి. వచ్చే ఎపిసోడ్ అక్కణ్ణుంచే మొదలుపెడదాం.