కారు డ్రైవ్ షాఫ్టును మరల అమర్చుట

సొంత కారు గల గృహస్థులలో కొందరు సెలవు దినములలో చిన్న మరమ్మతులను తామే చేసికొనుచున్నారు. అది మెచ్చదగిన అలవాటే. ముందు చక్రముల సస్పెన్షను విప్పిన వారికి అందులో ఒక భాగము తప్పక అడ్డు వచ్చును. గేర్ బాక్సునుండి చక్రమునకు శక్తిని చేరవేయు డ్రైవ్ షాఫ్టు అది. మెకానిక్కులు దీనినే యాక్సిల్ అందురు. దానిని ఊడదీయుటకన్న మరల అమర్చుటలోనే ఎక్కువ బాధ్యత యున్నది. లోనికి దూరినంత మాత్రమున అది తన స్థానమున కూర్చున్నట్లు కాదు.

మన రోడ్లపై చిరకాలము తిరిగిన అంబాసిడర్, పద్మిని కార్లలో ఇంజను శక్తి వెనుక చక్రములకు అందెడిది. 1983లో మారుతి 800 వచ్చిన పిమ్మట, ముందు చక్రములే కారును లాగు పద్ధతి మన దేశమున విస్తరించినది. అట్టి కారులో ముందు చక్రము ప్రక్కలకు మళ్ళవలెను, గతుకులలో పైకి క్రిందికి ఆడవలెను, ఆ రెండు స్థితులలోను ఎడతెగక తిరుగవలెను. ఈ మూడు పనులను పొసగించునవి షాఫ్టు రెండు చివరల నుండు కీళ్ళు. బయటి కీలులో సాధారణముగా 6 ఉక్కు గుండ్లుండును. లోపలి కీలు పెక్కు కార్లలో 3 రోలర్లు కలదై, షాఫ్టు కొంత ముందునకు వెనుకకు జరుగుటకు చోటిచ్చును.

కావుననే, హబ్బును ప్రక్కకు తప్పించునపుడు షాఫ్టును పట్టి గుంజరాదు. గుంజినచో లోపలి రోలర్లు గూటినుండి జారిపోవచ్చును. షాఫ్టును వ్రేలాడ వదలక, తీగతో పైకి కట్టి యుంచవలెను. రబ్బరు తొడుగులను కూడ అప్పుడే పరీక్షింపవలెను. చినిగిన తొడుగునుండి గ్రీజు వెలికి పోయి, ఇసుకయు నీరును లోనికి చేరును. తుదకు కీలు అరిగి, మలుపులలో టకటక మను శబ్దము వినవచ్చును.

షాఫ్టును గేర్ బాక్సునుండి తీసియుంటిరా, మరల చొప్పించునపుడు ఆయిల్ సీలు అంచునకు కొంచెము నూనె పూసి, షాఫ్టు పళ్ళు దానిని గీయకుండ తిన్నగా త్రోయవలెను. చివర సర్క్లిప్పు గల కార్లలో అది గాడిలో పడినపుడు చేతికి తెలియును. అంతటితో తృప్తి పడక, లోపలి కీలు గిన్నెను పట్టి మెల్లగా బయటికి లాగి చూడవలెను. కదలి రాకున్న, అది కుదురుకొన్నదని నమ్మవచ్చును. ఒలికిపోయిన గేర్ బాక్సు నూనెను మరల నింపుట మరువరాదు.

ఇక బయటి చివర హబ్బు నట్టు. ఇది షాఫ్టును పట్టి యుంచుటయే గాక, పెక్కు కార్లలో చక్రపు బేరింగును గూడ నొక్కి బిగించి యుంచును. నట్టు వదులైనచో బేరింగు చెడి, చక్రము ఊగును. 200 న్యూటన్-మీటర్ల బిగింపు కోరు నట్లు అరుదు కావు. అనగా 1 మీటరు పొడవుగల పిడి చివర సుమారు 20 కిలోల బరువు వ్రేలాడదీసినంత బలము. అది అంచనాతో తేల్చు పని కాదు. టార్క్ రెంచి వాడి, ఆ కారు మాన్యువల్ చెప్పిన అంకెనే పాటింపవలెను. ఒకసారి వాడి విడిచెడి నట్టైనచో క్రొత్తది వేయవలెను. తోడున్నవారు బ్రేకు నొక్కి పట్టగా నట్టును తగుమాత్రము బిగించి, కారును దింపిన పిదప తుది బిగింపు ఇచ్చుట సాధారణ పద్ధతి. అది ముగియక మునుపు కారును దొర్లింపరాదు. తరువాత నట్టు అంచును గాడిలోనికి వంచుటయో, చీలిక పిన్ను పెట్టుటయో చేసి భద్రపరచవలెను.

లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షుల బోల్టులకును తుది బిగింపు, కారు బరువు చక్రములపై నిలిచిన తరువాతనే ఈయవలెను. చక్రము వ్రేలాడుచుండగా బిగించినచో, కారు నేల దిగగానే రబ్బరు మెలిపడి త్వరలో చిట్లును.

జాకీ కారును పైకెత్తుటకే గాని, దాని క్రింద మనుష్యుని కాపాడుటకు కాదు. స్టాండులు పెట్టక, వెనుక చక్రములకు అడ్డు వేయక క్రింద దూరరాదు. పని ముగిసిన పిమ్మట, బ్రేకు పెడలును పలుమారులు నొక్కి చూచి, ఖాళీ స్థలమున మెల్లగా నడిపి ఇరువైపుల మలుపులలో చెవి యొగ్గి వినవలెను. నూనె చెమ్మ యున్నదా యని చూడవలెను. ఈ పరీక్షకు పట్టునది కొలది నిమిషములే. ఇంటివారిని కూర్చుండబెట్టుకొని బయలుదేరుట ఆ తరువాతి మాట.