ఇంటిమాట – బడిపాఠం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016లో, చాలవరకు పూర్వపు వరంగల్లు జిల్లా నుండి ఏర్పడినవి. ఈ సీమలో వినవచ్చు భాష తెలుగు మాత్రమే కాదు. తండాలలో లంబాడీల గోర్‌బోలి, గూడేలలో కోయభాష, పట్టణాలలో ఉర్దూ వినబడుచుండును. అయినను బడిగంట మ్రోగగానే ఈ వైవిధ్యం తరచు గడప వెలుపలనే నిలిచిపోవును. దానిని పాఠంలోనికి తెచ్చుట ఎట్లు?

సులభమైన మార్గమొకటి కలదు. వాచకంలో గిరిజనుల పండుగపై పాఠం చేర్చుట, వార్షికోత్సవంలో లంబాడీ నృత్యం ఆడించుట. ఇవి మంచివే. కాని వేదికపై చప్పట్లందుకొన్న బాలికయే మరునాడు తరగతిలో ఇంటిమాట పలికి నవ్వులపాలైనచో ఆ గౌరవం ఏపాటిది?

కావున తొలిమెట్టు భాష. కోయవారు నీటిని ‘ఏర్’ అందురు. తెలుగువారికి ఏరనగా ప్రవాహం. లంబాడీ పిల్లకు నీరు ‘పాణి’. ఉపాధ్యాయుడు ఈ మాటలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసినచో కోయబిడ్డకు జంకు తీరును. తెలుగుబిడ్డకు క్రొత్తమాట దొరకును. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు వసతి ఉండవలెనని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం చెప్పుచున్నది. 2004లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన బహుభాషా విద్యాప్రయత్నంలో కోయ, బంజారా భాషలకు చోటు లభించినది.

రెండవమెట్టు, అన్ని పాఠాలలోను ఈ జీవితం కనిపించుట. లంబాడీ కుట్టుపనిలోని చతురస్రాలు, త్రికోణాలు గణితానికి ఉదాహరణలు. పెంబర్తి పనివారు ఇత్తడిరేకును మలచు తీరు లోహధర్మాలకు పాఠం. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలోనే ఉండిన మేడారంలో కోయ పూజారులు నడుపు జాతర సాంఘికశాస్త్రానికి చెందును. తెలుగు, కన్నడ, సంస్కృతాలలో రచించిన పాల్కురికి సోమనాథుడు బహుభాషాజ్ఞానం మనకు క్రొత్త కాదని చూపును.

తండా తల్లిదండ్రులు తమ బిడ్డలకు ఇంగ్లీషు కావలెనని కోరుదురు. అది న్యాయమే. ఇంటిభాష దానికి అడ్డు కాదు, పునాది. తెలిసిన మాటలో భావం పట్టుబడిన బిడ్డకు తెలియని భాష అంత భయం గొల్పదు.

ఈ పాఠాలు గిరిజన బాలలకు మాత్రమే అనుకొనుట పొరపాటు. జనగామ పట్టణపు పిల్లవానికి అవి మరింత అవసరం. శ్రోతలైన తల్లిదండ్రులు ఈ సాయంకాలం తమ బిడ్డలను ఒక ప్రశ్న అడిగి చూడవలెను: “నీ ప్రక్కన కూర్చుండు పిల్లవాడు ఇంట ఏ భాష మాట్లాడును?” జవాబు తెలియనిచో, బడిలో నేర్వవలసిన పాఠం ఇంకను మిగిలియున్నదన్నమాట.