అన్నిటికీ వయసే కారణమా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాన్నగారికి వచ్చిన డిమెన్షియాని ఆరేళ్లు దగ్గరుండి చూసినవాణ్ణి.

నాన్నగారు ఈ బళ్లోనే లెక్కల మాస్టారు. మనలో చాలామందికి పందొమ్మిదో ఎక్కం ఆయన భయంతోనే వచ్చింది. డెబ్బై దాటాక ఆయనకు వినికిడి తగ్గింది. మేం ఒకటి అడిగితే ఆయన ఇంకొకటి చెప్పేవారు. ఇంట్లో పిల్లలు నవ్వేవారు. మెల్లగా అరుగు మీద కబుర్లకు వెళ్లడం మానేశారు. ‘వయసైపోయింది కదా’ అని మేమూ ఊరుకున్నాం. కొన్నేళ్లకి పెన్షన్ లెక్కలో తికమకపడ్డారు. ఒకరోజు పాలకని వెళ్లి, ఇంటి దారి తెలియక ఈ బడి గేటు ముందు నిలబడిపోయారు.

చెవి పరీక్ష చేయిస్తే ఆ జబ్బు వచ్చేదే కాదని నేననను. చేయించలేదన్న బాధ మాత్రం పోలేదు.

జీవితమంతా 14 కారణాల విషయంలో జాగ్రత్తపడితే దాదాపు 45 శాతం డిమెన్షియాని నివారించవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. వినికిడి లోపం, బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం అందులోవే. చిన్నప్పుడు చదువు అందకపోవడమూ ఒకటి. ఆ మేరకు మన గురువులు మనకు ముందే మందు వేశారు!

హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయట. కాబట్టి మాట్లాడుతూ ఉందాం, ఏ భాషలోనైనా.

నిరుడు మా మనవరాలు ‘తాతా, నీకు వినపడట్లేదు’ అంది. నాకు కోపం వచ్చింది. నాన్నగారి అనుభవం ఉండి కూడా, పరీక్షకు వెళ్లడానికి నాలుగు నెలలు నాన్చాను. ఇప్పుడు రెండు చెవులకీ మిషన్లున్నాయి. మొదట్లో గిన్నెల చప్పుడు కూడా భరించలేకపోయాను. నెల రోజులకు అలవాటైంది. పొద్దున అరగంట నడుస్తున్నాను, బీపీ మాత్ర మానడం లేదు, సాయంత్రం మన బ్యాచ్ మిత్రులతో కూర్చుంటున్నాను.

ఈరోజు పిలిచినా రాని మిత్రులు కొందరున్నారు. వాళ్లది పొగరని అనుకోకండి. వినపడక నలుగురిలోకి రావడానికి మొహమాటపడుతున్నారేమో! ఒకసారి వాళ్లింటికి వెళ్లండి. చెవి పరీక్షకు తోడుగా తీసుకెళ్లండి.

సెలవు.