టెస్టుకు వెల్లూరు దాకా ఎందుకు?

ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. పక్కన అమ్మానాన్నా ఉంటే సౌండ్ కాస్త తగ్గించుకోండి. చూశారా, తగ్గించుకోమని నేనే చెప్తున్నా. ఈరోజు మాట్లాడేది ఆ సౌండ్ తగ్గించుకోవడం గురించే.

నాకు ఒక ఫ్రెండ్ ఉన్నాడు. పేరు చెప్పను. ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "మామా, రేపు వెల్లూరు పోవాల, వస్తావా?" అన్నాడు. ఎందుకురా అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "హెచ్ఐవీ టెస్టు" అన్నాడు. ఏం, తిరుపతిలో లేదా అన్నా. "ఉండాది. కానీ ఈడ ఎవరో ఒకరు మనోళ్ళు కనపడతారు మామా" అన్నాడు.

అప్పటికే ఒక ప్రైవేట్ ల్యాబ్‌కు పోయొచ్చినాడంట. కౌంటర్ దగ్గర ఉన్నాయన నలుగురూ వినేటట్టు "ఏం టెస్టు? పెళ్ళయిందా నీకు?" అని అడిగితే, వీడు భయపడి "షుగర్ టెస్టు సార్" అన్నాడంట. రక్తమిచ్చి, డబ్బు కట్టి, షుగర్ లేదని రిపోర్టు తీసుకుని వచ్చేసినాడు. నాకు నవ్వొచ్చింది. ఎన్ని రోజులైందిరా అని అడిగినా. "ఐదు రోజులు" అన్నాడు. అప్పుడు ఆగిపోయింది నవ్వు.

ఎందుకంటే, రిస్క్ జరిగిన తర్వాత కూడా హెచ్ఐవీని ఆపే మందులు ఉన్నాయి. పెప్ అంటారు. 72 గంటల లోపల మొదలు పెట్టాలి, ఎంత తొందరగా మొదలు పెడితే అంత మంచిది. డాక్టర్ చూసి, అవసరమైతే ఇస్తారు, 28 రోజులు వాడాలి. మావాడికి ఆ 72 గంటలు షుగర్ టెస్టుతోనే అయిపోయినాయి. సిగ్గు వల్ల నష్టమేముంది అంటారు చూడండి, ఇదీ నష్టం.

వెల్లూరు అన్నాడు గదా, ఆ ఊరి కథ ఒకటి చెప్పాలి. మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది 1986లో. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదివే సెల్లప్పన్ నిర్మల, తన ప్రొఫెసర్ సునీతి సోలమన్ చెబితే, చెన్నైలో సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించింది. అప్పట్లో చెన్నైలో ఆ టెస్టు చేసే ఏర్పాటు లేదు. వెల్లూరు సీఎంసీలో ఉంది. భర్తతో కలిసి ఆ నమూనాల పెట్టె పట్టుకుని రాత్రి రైల్లో కాట్పాడికి పోయింది. మన తిరుపతి, చిత్తూరు వాళ్ళు దిగే కాట్పాడే. ఆ టెస్టులో ఆరు నమూనాలు పాజిటివ్ వచ్చినాయి.

ఆమె వెల్లూరు పోయింది, మిషన్ అక్కడ ఉంది కాబట్టి. మావాడు పోతానంటున్నది, మొహం ఎవరికీ తెలియదు కాబట్టి. మిషన్ మన ఊరికి వచ్చి ఎన్నేళ్ళయినా మనం ఇంకా ఆ రైలు దిగలేదు.

ఈ మధ్యలో ఎంత పని జరిగిందో చూడండి. 1992లో నాకో వచ్చింది, అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ. మొదట్లో ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో 0.97 శాతం మందికి హెచ్ఐవీ ఉందని తేలింది. వందలో దాదాపు ఒకరు. 2003లో గేట్స్ ఫౌండేషన్ 'అవాహన్' అని ఒక కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో మొదలు పెట్టింది, అందులో మనదీ ఉంది. సెక్స్ వర్కర్ల దగ్గరికి ఇంకో సెక్స్ వర్కరే పోయి మాట్లాడటం, హైవేల మీద లారీ డ్రైవర్లను కలవడం, కండోమ్స్ ఇవ్వడం, ఇట్లాంటి పని. తర్వాత దాన్ని ప్రభుత్వం చేతికి ఇచ్చేసినారు. 2004 నుంచి ఏఆర్‌టీ మందులు ఫ్రీ. 2010తో పోలిస్తే 2023కు దేశంలో కొత్త కేసులు 44 శాతం తగ్గినాయి. అయినా మన రాష్ట్రం 0.62 శాతం దగ్గర ఉంది. దేశ సగటు 0.20. మూడింతలు.

ఇప్పుడు ఒక మంచి వార్త, ఒక చెడ్డ వార్త. మంచిది ముందు. లెనకాపవిర్ అని ఒక ఇంజెక్షన్ వచ్చింది. ఆరు నెలలకు ఒకసారి, సంవత్సరానికి రెండు. హెచ్ఐవీ రాకుండా ముందే తీసుకునేది. సౌతాఫ్రికా, ఉగాండాలో 2,134 మంది అమ్మాయిలకు ఇచ్చి చూస్తే ఒక్కరికి కూడా రాలేదు. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైన. దాన్నే 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు, అంటే మన లెక్కలో సుమారు 3,500 రూపాయలకు, 120 దేశాలకు ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించినారు. చేసే కంపెనీలు ఏవో తెలుసా? డాక్టర్ రెడ్డీస్, హెటెరో. రెండూ మన హైదరాబాద్‌వే.

చెడ్డది ఏమంటే, 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది. ఆఫ్రికాలో చాలా చోట్ల నివారణ సేవలు దెబ్బ తిన్నాయి. అమెరికా డబ్బుతో నడిచే సేవలు పూర్తిగా ఆగిపోతే 2029 లోపల 60 లక్షల కొత్త కేసులు అదనంగా రావొచ్చని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ హెచ్చరించింది.

డబ్బు లేక టెస్టు ఆగిపోయిన ఊళ్ళు ప్రపంచంలో ఉన్నాయి. మన ఊళ్ళో టెస్టు ఫ్రీ, మందులు ఫ్రీ, నిరోధ్ ఫ్రీ. జాతీయ కార్యక్రమం ఐదో దశకు కేంద్రం 15,471 కోట్లు పెట్టింది. ఇన్ని వేల కోట్లు, ఇన్ని దేశాలు, ఇంత సైన్స్, అన్నీ కలిసి మన ఆసుపత్రి గేటు దాకా వచ్చినాయి. గేటు నుంచి ఆ రూము దాకా మాత్రం మనమే నడవాలి.

ఆ రూము పేరు ఐసీటీసీ. రుయాలోనూ ఉంది. ముందు కౌన్సెలర్ ఒంటరిగా మాట్లాడతారు, మన ఒప్పుకోలు తీసుకునే టెస్టు చేస్తారు. 2017 హెచ్ఐవీ చట్టం, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మన అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, రిజల్ట్ ఇంకొకరికి చెప్పకూడదు. పాజిటివ్ అని ఉద్యోగంలో నుంచి తీసేయకూడదు. పోవడానికి భయమైతే ముందు 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. పాజిటివ్ వచ్చినా రోజూ మందులు వేసుకుని, రక్తంలో వైరస్ కనపడనంత తగ్గిపోతే, సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు. పక్కన కూర్చుని అన్నం తింటే ఎప్పుడూ అంటదు. కాబట్టి టెస్టు అంటే తీర్పు కాదు.

మేము వెల్లూరు పోలేదు. పొద్దున బండి మీద ఇక్కడే ఒక ప్రభుత్వాసుపత్రికి పోయినాం. గేటు దగ్గర మావాడు హెల్మెట్ తీయలేదు. లోపల కౌన్సెలర్ మేడమ్, "కూర్చో నాయనా, నీళ్ళు తాగుతావా?" అన్నారు. అప్పుడు తీసినాడు. ఇంత తొందరగా వచ్చినావు కాబట్టి ఈ టెస్టు ఒక్కటే చాలదు, మూడు నెలలకు మళ్ళీ రావాల అని చెప్పినారు. రెండోసారి వాడు నన్ను పిలవలేదు. ఒక్కడే పోయొచ్చినాడు.

రిజల్ట్ ఏమొచ్చిందని కామెంట్లలో అడుగుతారని నాకు తెలుసు. చెప్పను. అది వాడిది. వాడికి చూపించి, వాడు సరే అన్నాకే ఈ ఎపిసోడ్ పెడుతున్నా.

మీ ఫ్రెండ్ ఎవరైనా అర్ధరాత్రి ఫోన్ చేసి వెల్లూరు పోదామంటే, ఎందుకు, ఎవరితో అని అడగొద్దండి. ఎన్ని గంటలైందని అడగండి. 72 లోపల ఉంటే ఆ రాత్రే బండి తీయండి. ఉంటా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.