షెడ్డులో ఆగిపోయిన అమెరికా కారు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి గదా, నీకు తెలిసిన విషయం పది నిమిషాలు చెప్పు" అన్నారు సంఘం పెద్దలు. ఉద్యోగం సంగతులు చెబితే భోజనాలకు ముందే మీకు నిద్రొస్తుంది. అందుకని సెలవుల్లో నేను చేసే పని గురించి చెబుతాను. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న పాత అమెరికా కార్లను వెతుక్కుంటూ పోయి చూడడం, కుదిరితే కొనడం నా సరదా.

విడవలూరు పక్కన అమెరికా కారేంది అని నవ్వకండి. ఒకప్పుడు అవి మన దేశంలోనే బిగించారు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో షెవర్లే కార్లు బిగించడం మొదలుపెట్టింది. ఫోర్డుకు మద్రాసులో కార్ఖానా ఉండేది. 1947 నుంచి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు డాడ్జి, డిసోటో, ప్లిమత్ బళ్లు తయారుచేశారు. ఫార్గో లారీ పేరు మన పెద్దలందరికీ తెలిసిందే. విడిభాగాలు ఇక్కడే తయారుచేసే ఏర్పాటు లేని కంపెనీలకు చోటు లేదని ప్రభుత్వం 1953లో తేల్చాక ఫోర్డు, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు దాకా మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. మద్రాసులో కొన్న బండి మన పల్లెకు చేరడంలో వింతేమీ లేదు. 1973లో చమురు ధరలు మండిపోయాక ఈ పెద్ద కార్లు తిప్పడం భారమైంది. కొన్నింటికి డీజిల్ ఇంజను పెట్టించుకున్నారు. కొన్ని షెడ్డులోకి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

అలాంటి కారు కనబడగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎంత తిరిగింది?" అని. తక్కువ తిరిగితే కొత్తదానితో సమానమని మన నమ్మకం. అది సగమే నిజం.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని పియర్స్ అనే చిన్న ఊళ్లో లాంబ్రెక్ట్ అనే షెవర్లే డీలరు ఉండేవాడు. అమ్ముడుపోని కొత్త కార్లను అలాగే ఉంచేసేవాడు. 2013 సెప్టెంబరులో దాదాపు 500 బళ్లు వేలం వేస్తే వేలమంది వచ్చారు. 1958 నాటి ఒక చిన్న ట్రక్కు మీటరులో 1.3 మైళ్లే ఉంది. దానికి 1,40,000 డాలర్లు పలికింది. కానీ పొలంలో ఎండకూ వానకూ వదిలేసిన బళ్లు, తిరిగింది కొద్ది మైళ్లే అయినా, తుప్పుపట్టి నేలకు కుంగి ఉన్నాయి. కారును అరగదీసేది తిరుగుడు ఒక్కటే కాదు, ఊరికే నిలబడి ఉండడం కూడా.

పైగా ఆ మీటర్లలో మైళ్లకు ఐదు అంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా. 23,000 అని ఉంటే అది 1,23,000 కూడా కావచ్చు. అందుకే నేను మీటరు కంటే ముందు బ్రేకు పెడల్ రబ్బరు చూస్తాను. అది నున్నగా అరిగి, తలుపు తెరవగానే కిందికి జారుతుంటే, మీటరు ఏం చెప్పినా ఆ బండి బాగా తిరిగినట్టే.

మన వైపు అసలు శత్రువు ఉప్పుగాలి. రామతీర్థం కడలి గాలి మీ ఇంటి కిటికీ ఊచలను ఏం చేస్తుందో మీకు తెలుసు. కారు కింద ఉన్న ఛాసిస్‌నూ అదే చేస్తుంది. నేను వెంట తీసుకెళ్లేది టార్చిలైటు, అయస్కాంతం, మెత్తటి గుడ్డ. అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచున జరిపితే, రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ పూసి రంగేసిన చోట జారిపోతుంది. తర్వాత లోపల పరిచిన చాప ఎత్తి నేల చూడాలి. 2015 నవంబరు వరదలో ఆ షెడ్డులోకి నీళ్లు వచ్చాయా అని ఇంటివాళ్లను అడగాలి. ఊక, రొయ్యల మేత బస్తాలు కారులో వేసి ఉంటే ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి.

"ఒకసారి స్టార్ట్ చేసి చూపిస్తాం" అంటే మాత్రం వద్దని చెప్పండి. ఏళ్లుగా ఆగిన ఇంజనులో రింగులు సిలిండరుకు అతుక్కుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, లోపల కొద్దిగా ఆయిల్ పోసి, కొన్నాళ్లు వదిలేసి, చేత్తో మెల్లగా తిప్పాలి. పాత పెట్రోలు జిగురై కార్బురేటరును మూసేస్తుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని సిలిండర్లను పట్టేస్తుంది. కాబట్టి ఇంజను తిరిగినా సరే, బ్రేకులు విప్పి బాగుచేయించకుండా రోడ్డెక్కకూడదు. 1950ల మొదట్లోని చాలా బళ్లకు ఉండేది 6 వోల్టుల బ్యాటరీ. ఇప్పటి 12 వోల్టులది తగిలిస్తే బల్బులతో మొదలై అన్నీ కాలిపోతాయి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది కాగితాలు. ఆర్‌సీ పుస్తకంలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో కలవాలి. యజమాని కాలం చేసి ఉంటే ముందు వారసుల పేరుకు మారాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజి వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ఇప్పటికే రిజిస్ట్రేషను ఉన్న బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజూ తిప్పకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. డీజిల్ ఇంజను పెట్టిన బండి అక్కడే ఆగిపోతుంది.

ఇక ధర సంగతి. ఆ మధ్య మన జిల్లాలోనే ఒక పెద్దావిడ ఇంట్లో ప్లిమత్ చూశాను. పాత ఇనుము వ్యాపారి అప్పటికే కిలోల లెక్కన బేరం పెట్టి పోయాడు. ఆమె నన్ను ధర అడగలేదు. "దీన్ని పగలగొట్టవు గదా నాయనా?" అని మాత్రం అడిగింది. "లేదు పెద్దమ్మా. కానీ నా మాట ఒక్కటే నమ్మొద్దు. మీ అబ్బాయిని మద్రాసులో ఇంకో ఇద్దర్ని విచారించమనండి, తర్వాతే బేరం" అన్నాను. అమ్మేవాళ్లకు విలువ తెలియకపోవడం మనకు లాభం అనుకుంటే, అది కొనడం కాదు. ఆ కారు చివరికి వాళ్ల బంధువులకే పోయింది. ముక్కలు కాలేదు, అది చాలు.

మిత్రులారా, ఈ బళ్లను విప్పి బిగించడం తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డారు. వాళ్లుండగానే వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రవాళ్లు కావాలి. మీ తాతగారి షెడ్డులో గోనెపట్టా కింద ఏదైనా బండి ఉంటే, పాత ఇనుముకు వేసేముందు ఒక్క ఫోటో తీసి, ఆర్‌సీ పుస్తకం వెతికి భద్రం చేయండి. అమ్మాలా ఉంచుకోవాలా అన్నది మీ ఇష్టం. తూకం వేశాక మాత్రం ఎంత చదువుకున్న ఇంజనీరైనా దాన్ని తిరిగి తేలేడు.